స్విచ్ ‘ఆటో’లో ఉందా?

చాలా ఆసుపత్రుల్లో, అపార్ట్‌మెంట్లలో, ఆఫీసుల్లో వారానికోసారి ఒక తంతు జరుగుతుంది. ఎలక్ట్రీషియనో వాచ్‌మనో జనరేటర్ దగ్గరికి వెళ్లి, ప్యానెల్ మీది స్విచ్‌ను మాన్యువల్‌కు తిప్పి, స్టార్ట్ బటన్ నొక్కుతాడు. ఇంజిన్ గుర్రుమంటుంది. గొట్టంలోంచి నల్లటి పొగ ఒక్కసారి ఎగసి పలచబడుతుంది. అయిదు నిమిషాలాగి ఆపేస్తాడు, లాగ్‌బుక్‌లో తేదీ వేసి ‘ఓకే’ అని రాస్తాడు. దీనితో తేలింది ఒక్కటే: మనిషి వెళ్లి బటన్ నొక్కితే ఇంజిన్ తిరుగుతుందని. కరెంటు పోయిందన్న సంగతిని ప్యానెల్ తనంతట తాను పసిగడుతుందా, మనిషి లేకుండా సెల్ఫ్ కొడుతుందా, వోల్టేజీ నిలదొక్కుకున్నాక లైను మార్చి లోడు ఎత్తుకుంటుందా, ఆ లోడుతో అరగంట నిలబడుతుందా, ఇంజిన్ మితిమీరి వేడెక్కితే ఆపుతుందా అన్నవేవీ తేలలేదు. పైగా వెళ్లేటప్పుడు స్విచ్‌ను తిరిగి ఆటోకు తిప్పడం మరిచిపోతే, అప్పటి దాకా పనికొచ్చిన జనరేటర్ ఆ పరీక్షతోనే పనికిరాకుండా పోతుంది.

అత్యవసర విద్యుత్తు గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ ఇంజిన్ గురించే మాట్లాడతాం. ఎన్ని కేవీఏ, ఏ కంపెనీ, ఎంత డీజిల్ పడుతుంది అన్నవే లెక్కలు. కరెంటు పోయిన క్షణంలో నిర్ణయాలన్నీ తీసుకునేది మాత్రం ఇంజిన్ పక్కన బీరువాలా నిలబడి ఉండే కంట్రోల్ ప్యానెల్. అది సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకే మార్గం ఉంది. మెయిన్స్ నిజంగా తీసేసి, అసలు లోడు మీద, నెలకోసారి పరీక్షించాలి. ఆ ఫలితాన్ని నలుగురూ చూసే చోట రాసి పెట్టాలి. ప్రాణాలు కరెంటు మీద ఆధారపడిన ప్రతి చోటా, ముందుగా ఆసుపత్రుల్లో, దీన్ని తప్పనిసరి చేయాలి. ఇది ఖర్చుతో కూడిన పెద్ద సంస్కరణ కాదు. అయినా జరగడం లేదంటే, ప్యానెల్ చేసే పని ఏమిటో మనలో చాలామందికి తెలియకపోవడమే కారణమని నా నమ్మకం.

కరెంటు పోతే ఆటోమేటిగ్గా జనరేటర్‌ను అందుకునే ఏర్పాటును ఏఎంఎఫ్ ప్యానెల్ అంటారు. అది రాత్రింబవళ్లు మూడు ఫేజుల మీదా కన్నేసి ఉంచుతుంది. ఏ ఒక్క ఫేజు వోల్టేజీ అయినా పెట్టిన హద్దు దాటి పడిపోతే, కొన్ని సెకన్లు ఆగి చూసి, కరెంటు పోయినట్టే అని తీర్మానిస్తుంది. అప్పుడు డీజిల్ వాల్వు తెరిచి, బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటారుకు కరెంటు పంపుతుంది. ఇంజిన్ అందుకోకపోతే ఆగి, మళ్లీ తిప్పుతుంది. సాధారణంగా మూడు ప్రయత్నాలు, ఆ తర్వాత అలారం. ఇంజిన్ 1500 ఆర్పీఎంకు చేరి, 50 హెర్ట్జ్ నిలకడగా వచ్చాక, ముందు మెయిన్స్ కాంటాక్టర్ (లైనును కలిపే, విడదీసే స్విచ్) తెరుచుకుని, తర్వాత జనరేటర్ కాంటాక్టర్ పడుతుంది. ఆ రెండూ ఒకేసారి పడి ఉండకుండా వాటి మధ్య ఒక ఇంటర్‌లాక్ ఉంటుంది. ఇంటర్‌లాక్ పనిచేయకపోతే మన జనరేటర్ కరెంటు వీధి లైనులోకి వెనక్కి పారి, ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా పైకి ఎక్కి, లైను చచ్చి ఉందనుకుని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కనుక ప్యానెల్ పరీక్ష మన లిఫ్టు, మన ఏసీల బాగోగులకే పరిమితమైన విషయం కాదు. స్తంభం మీద ఉన్న ఆ మనిషికి మన మీద ఒక హక్కు ఉంది.

ఇంజిన్ బాగున్నా ప్యానెల్ వల్ల కరెంటు అందకపోవడం ఎంత దూరం పోగలదో స్వీడన్ అనుభవం చెబుతుంది. 2006 జూలై 25న అక్కడి ఫోర్స్‌మార్క్ అణు విద్యుత్ కేంద్రం బయటి స్విచ్‌యార్డులో పని జరుగుతుండగా షార్ట్ సర్క్యూట్ అయింది. ఆ కుదుపుకు ఒకటో రియాక్టర్‌లోని నాలుగు యూపీఎస్ వరుసల్లో రెండు చతికిలబడ్డాయి. నాలుగు డీజిల్ జనరేటర్లూ స్టార్టయ్యాయి. కానీ అందులో రెండు లోడుకు కలవలేదు. ఇంజిన్ ఎంత వేగంతో తిరుగుతోందో కొలిచే సర్క్యూట్‌కు కరెంటు ఆ చతికిలబడ్డ యూపీఎస్‌ల నుంచే రావాలి. కరెంటు లేక ఆ సర్క్యూట్ మూగబోయింది. ఇంజిన్ నిండు వేగంతో తిరుగుతున్నా కంట్రోల్ వ్యవస్థకు ఆ సంగతి తెలియలేదు, తెలియకపోయేసరికి బ్రేకర్ వేయలేదు. దాదాపు 22 నిమిషాల తర్వాత ఆపరేటర్లు చేత్తో కలిపితే గానీ పరిస్థితి చక్కబడలేదు. మిగతా రెండు వరుసలు ఆదుకున్నాయి కాబట్టి పెద్ద ప్రమాదం తప్పింది. అదే రకం లోపం ఉండవచ్చన్న అనుమానంతో స్వీడన్‌లో మరికొన్ని రియాక్టర్లను కూడా ఆపి తనిఖీ చేశారు. విడివిడిగా చూస్తే ఇంజిన్లకు ఏ జబ్బూ లేదు. యూపీఎస్, స్పీడ్ సెన్సార్, బ్రేకర్ అన్నీ కలిసి పనిచేయాల్సిన ఘడియలోనే లోపం బయటపడింది. విడి భాగాల పరీక్షలు ఎన్ని చేసినా ఇలాంటిది దొరకదు.

జపాన్‌లోని ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రం కథ మనకు తెలిసినట్టే ఉంటుంది గానీ, అందులో ఈ ప్యానెళ్ల అధ్యాయం ఎక్కువ మంది చదవలేదు. 2011 మార్చి 11న సునామీ నీళ్లు డీజిల్ జనరేటర్లను ముంచేశాయని మాత్రమే గుర్తు పెట్టుకున్నాం. నిజానికి అక్కడ గాలితో చల్లబడే జనరేటర్లు మూడున్నాయి. రెండు, నాలుగు యూనిట్లకు చెందిన రెండింటిని కాస్త ఎత్తులో పెట్టడం వల్ల అవి మునగలేదు. ఆ జనరేటర్లకు ఏమీ కాకపోయినా, వాటి కరెంటును పంపిణీ చేసే స్విచ్‌గేర్ ప్యానెళ్లు బేస్‌మెంట్‌లో ఉండి నీట మునిగాయి. నడవగల యంత్రాలుండీ చుక్క కరెంటు అందలేదు. ఆరో యూనిట్‌కు చెందిన మూడోది మాత్రం ప్యానెల్‌తో సహా నిలబడి, అయిదు, ఆరు యూనిట్లను కాపాడింది.

ఇంత దూరం ఎందుకు, మన పొరుగున చెన్నైలో 2015 డిసెంబర్ వరదల్లో అడయారు ఒడ్డునున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరేటర్లు నీటమునిగి కరెంటు పోయిన రోజుల్లో 18 మంది రోగులు మరణించారన్న వార్త దేశాన్ని కుదిపేసింది. 2016 జూలైలో హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో గంటల తరబడి కరెంటు లేకపోవడం, జనరేటర్లు ఆదుకోకపోవడం, ఆ సమయంలో జరిగిన మరణాల మీద పెద్ద వివాదం రేగింది. 2020 డిసెంబర్‌లో భోపాల్ హమీదియా ఆసుపత్రిలో కరెంటు పోయాక జనరేటర్ కొద్ది నిమిషాలు నడిచి ఆగిపోయింది. ఆ రాత్రి ముగ్గురు కోవిడ్ రోగులు చనిపోయారు. ఈ మరణాలకు కరెంటు పోవడం కారణం కాదని గాంధీ, హమీదియా రెండుచోట్లా ఆసుపత్రి వర్గాలు వాదించాయి. ఆ వాదన తేల్చడం నా పని కాదు. మరణం సంగతి పక్కనపెట్టినా, ఆదుకోవాల్సిన యంత్రం ఆదుకోలేదన్న మాట మిగిలే ఉంది. దాన్ని చివరిసారి నిజమైన లోడు మీద ఎప్పుడు పరీక్షించారన్న ప్రశ్నకు జవాబు విచారణ కమిటీ ఫైళ్లలో వెతుక్కోవాల్సిన పరిస్థితి ఉండకూడదు. రోగి బంధువు కూడా చదవగలిగేలా గోడ మీద ఉండాలి.

కరెంటు ఇప్పుడు బాగా ఉంటోంది కదా, ఈ గొడవంతా ఎందుకని కొందరంటారు. ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. ఎందుకంటే ఇందులోనే అసలు ప్రమాదం దాగి ఉంది. 2012-13 నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను గుర్తు చేసుకోండి. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పట్టణాల్లో గంటల కొద్దీ కోతలు. ఆ రోజుల్లో ఏ జనరేటర్‌నూ ప్రత్యేకంగా పరీక్షించాల్సిన అవసరమే రాలేదు. రోజుకు రెండుసార్లు కరెంటు పోయి, కోతే పరీక్ష పెట్టేది. బ్యాటరీ డౌనైతే మధ్యాహ్నానికే తెలిసిపోయేది, సాయంత్రానికి కొత్తది వచ్చేది. సరఫరా మెరుగయ్యాక అదే జనరేటర్ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి, కదలకుండా నిలబడి ఉంటోంది. దాని బ్యాటరీ నిశ్శబ్దంగా చచ్చిపోతుంది, వైర్లను ఎలుకలు నిశ్శబ్దంగా కొరుకుతాయి, రిలే కాంటాక్టుల మీద నిశ్శబ్దంగా పొర కడుతుంది. కోతలు లేని రాష్ట్రంలో జనరేటర్ మీద శ్రద్ధ ఇంకా పెరగాలి. మనం దానికి సరిగ్గా ఎదురు దిశలో పోయాం.

ఆ నిశ్శబ్దపు చావు ఎలా జరుగుతుందో దగ్గరగా చూద్దాం. జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఈ పనిలో ఉన్నవాళ్లు మొదట చూసేది బ్యాటరీనే. ఆగి ఉన్న ఇంజిన్ తన బ్యాటరీని తాను ఛార్జ్ చేసుకోలేదు. అందుకే ప్యానెల్‌లో మెయిన్స్‌తో నడిచే చిన్న ఛార్జర్ ఒకటి ఉంటుంది. ఆ ఛార్జర్ ఫ్యూజు ఎగిరిందనుకోండి, డిస్‌ప్లే వెలుగుతూనే ఉంటుంది, ఏ బల్బూ ఆరిపోదు. కానీ కంట్రోలర్ తన బతుకు కోసం రాత్రింబవళ్లు తాగే కొద్దిపాటి కరెంటు ఆ బ్యాటరీని కొన్ని వారాల్లో పీల్చేస్తుంది. మీటరు పెడితే 12 వోల్టులు చూపిస్తుంది కూడా. సెల్ఫ్ మోటారు వందల ఆంపియర్లు లాగిన క్షణంలోనే దాని బండారం బయటపడుతుంది: వోల్టేజీ తొమ్మిదికి, ఎనిమిదికి కుప్పకూలుతుంది, రిలే టకటకలాడుతుంది, ఇంజిన్ కదలదు. కాబట్టి ఆగి ఉన్నప్పటి వోల్టేజీ కన్నా, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు ఎంతకు పడిందన్నది ముఖ్యం. ఆ అంకె నెలనెలా రాసుకుంటూ పోతే, బ్యాటరీ చావడానికి రెండు మూడు నెలల ముందే పడిపోతున్న వరస కళ్లకు కడుతుంది. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పేరుకున్న పూతను వేడినీళ్లతో కడిగి, బిగించి, వాజెలిన్ రాయడం, డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడడం పది నిమిషాల పని. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో ఈ పూత మరీ తొందరగా పడుతుంది. ఎండాకాలం వేడికి ఎక్కడైనా బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది.

తర్వాతి సంగతి రక్షణ సెన్సార్లు. వీటిని చాలామంది అసలు పరీక్షించరు, అవి చెడిపోయినా జనరేటర్ నడుస్తుంది కాబట్టి. ఆయిల్ ప్రెజర్ పడిపోయినా, కూలెంట్ మితిమీరి వేడెక్కినా, వేగం హద్దు దాటినా ప్యానెల్ ఇంజిన్‌ను ఆపేయాలి. లేకపోతే లక్షల ఖరీదు చేసే ఇంజిన్ బేరింగులు పట్టేసి అక్కడికక్కడే చచ్చిపోతుంది. మామూలు స్విచ్ రకం సెన్సార్లున్న పాత సెట్లలో ఆయిల్ ప్రెజర్ తనిఖీ ఉచితంగా దొరుకుతుంది. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ప్రెజర్ ఉండదు కాబట్టి, తాళంచెవి తిప్పగానే ఆయిల్ బల్బు వెలగాలి. వెలగలేదంటే బల్బు పోయిందో, వైరు తెగిందో, స్విచ్ చెడిందో అన్నమాట. బల్బు వెలగకపోవడమే మేలని సంతోషించి ముందుకు పోయే ఆపరేటర్లు ఉన్నారు. ఉష్ణోగ్రత స్విచ్ ఇంతకన్నా గడుసుది. అది వేడెక్కినప్పుడే కలుస్తుంది, చల్లగా ఉన్నప్పుడు తెరిచే ఉంటుంది. దాని వైరు తెగిపోతే ప్యానెల్‌కు అంతా చల్లగా ఉన్నట్టే తోస్తుంది. అందుకే ఇంజిన్ లోడు లేకుండా తిరుగుతుండగా ఆ వైరు కొసను విప్పి ఇంజిన్ బాడీకి తాకించి, ప్యానెల్ ఇంజిన్‌ను ఆపుతోందా లేదా అని చూడాలి. ఆపితే వైరు, రిలే, స్టాప్ సోలినాయిడ్ మూడూ బతికున్నట్టు. ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌ను కూడా ఏడాదికోసారైనా నిజంగా నొక్కి చూడాలి. నొక్కినా ఆగని బటన్ ఉండడం కన్నా అసలు బటన్ లేకపోవడం నయం, లేనిదాన్ని నమ్ముకుని ఎవరూ పరుగెత్తరు కదా.

ఇక ఆటో స్విచ్. సర్వీసుకు వచ్చిన మెకానిక్ తన చెయ్యి ఫ్యాన్ బెల్టు దగ్గరుండగా ఇంజిన్ హఠాత్తుగా స్టార్ట్ కాకుండా స్విచ్‌ను ఆఫ్‌లో పెడతాడు. అది అతని ప్రాణరక్షణ, పెట్టాల్సిందే. పని ముగించి, సామాన్లు సర్దుకుని, బిల్లు మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోతాడు. స్విచ్ అలాగే ఉండిపోతుంది. అమెరికాలో అత్యవసర విద్యుత్ వ్యవస్థలకు పాటించే ఎన్‌ఎఫ్‌పీఏ 110 అనే ప్రమాణం, స్విచ్ ఆటోలో లేకపోతే ఆ సంగతి ప్యానెల్ హెచ్చరించి తీరాలని పట్టుబడుతుంది. ప్రపంచమంతటా ఇదే తప్పు పదేపదే జరిగింది కాబట్టే దాన్ని రూలుగా రాసుకున్నారు. మన దగ్గర ఒక చిన్న బజర్, లేదా నర్సింగ్ స్టేషన్ దాకా లాగిన ఒక ఎర్ర బల్బు చాలు. కొన్ని వందల రూపాయల పని.

అదే ప్రమాణం పరీక్ష ఎలా ఉండాలో కూడా స్పష్టంగా చెప్పింది. వారానికోసారి కంటితో తనిఖీ. నెలకోసారి కనీసం 30 నిమిషాలు, యంత్రం సామర్థ్యంలో కనీసం 30 శాతం లోడు మీద నడపాలి. అంత లోడు దొరకకపోతే ఏడాదికోసారి లోడ్ బ్యాంకు (కృత్రిమంగా లోడు ఇచ్చే పరికరం) తెచ్చి పెట్టి పరీక్షించాలి. అత్యంత కీలకమైన చోట్ల మూడేళ్లకోసారి నాలుగు గంటలపాటు ఆపకుండా నడపాలి. ఆసుపత్రుల్లో ప్రాణాధార సర్క్యూట్లకు 10 సెకన్లలో కరెంటు అందాలి. లోడు మీద ఇంత పట్టుదల ఎందుకంటే, లోడు లేకుండా తిప్పితే డీజిల్ ఇంజిన్‌కు మేలు జరగదు సరికదా, చేటు జరుగుతుంది. సిలిండర్లు తగినంత వేడెక్కవు, డీజిల్ పూర్తిగా కాలదు, కాలని డీజిలూ మసీ కలిసి జిగురులా సైలెన్సర్ గొట్టంలో, వాల్వుల మీద పేరుకుంటాయి. వారం వారం అయిదు నిమిషాలు ఊరికే తిప్పి ఆపే మన తంతు ఇంజిన్‌ను కాపాడుతున్నామన్న తృప్తినిస్తూ దాన్ని కొద్దికొద్దిగా పాడుచేస్తుంది.

రోగులున్న ఆసుపత్రిలో కావాలని కరెంటు తీస్తారా, పరీక్షలోనే ఎవరికైనా ఏమైనా అయితే ఎవరిది బాధ్యత అని వైద్యులు అడుగుతారు. ఇది బరువైన ప్రశ్న. ఐసీయూలో వెంటిలేటర్‌కు సొంత బ్యాటరీ ఉంటుంది. కానీ కోవిడ్ కాలంలో మనకు పరిచయమైన హై ఫ్లో ఆక్సిజన్ యంత్రాల్లో చాలా వాటికి ఉండదు. ఒకచోట ఉంచి వాడే ఆక్సిజన్ కాన్సంట్రేటర్‌కు సాధారణంగా ఉండదు. గోడకు తగిలించిన సక్షన్ మెషిన్ కరెంటుతోపాటే ఆగుతుంది. అందువల్ల పరీక్షను ఒక్కసారిగా భవనమంతా చీకటి చేసి పెట్టకూడదు. ముందు ఓపీ బ్లాకు, ఆ తర్వాత ఆపరేషన్లు లేని వేళ థియేటర్లు, అన్నీ గట్టివని తేలాక చివర్లో ఐసీయూ. పగటిపూట, సిబ్బంది నిండుగా ఉన్నప్పుడు, ప్రతి మంచం దగ్గర ఒక మనిషి, చేతిలో అంబూ బ్యాగ్, పక్కన నిండు సిలిండర్ పెట్టుకుని చేయాలి. ఏదైనా తేడా వస్తే మెయిన్స్‌ను వెంటనే తిరిగి వేయడానికి మెయిన్ ప్యానెల్ దగ్గర ఒకరు చెయ్యి వేసి నిలబడతారు. ఇన్ని జాగ్రత్తల మధ్య పగలు పదకొండు గంటలకు పది సెకన్లు కరెంటు తీయడానికి భయపడాల్సిన స్థితిలో ఒక ఆసుపత్రి ఉంటే, అర్ధరాత్రి రెండింటికి, గాలివానలో, ఒక్క నర్సు ఉన్న వార్డులో అదే కరెంటు చెప్పాపెట్టకుండా పోయినప్పుడు జరిగేదేమిటో ఆ ఆసుపత్రి పెద్దలే ఆలోచించుకోవాలి. కరెంటు ఎలాగూ పోతుంది. ఎప్పుడు పోవాలో నిర్ణయించే అవకాశం పరీక్షలో మాత్రమే మన చేతిలో ఉంటుంది.

డీజిల్ ఖర్చు, పొగ అన్న అభ్యంతరానికి ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. 125 కేవీఏ సెట్టును మూడో వంతు లోడు మీద అరగంట నడిపితే అయిదారు లీటర్లు పడుతుంది. నెలకు దాదాపు 600 రూపాయలు. పొగ గురించి నిజంగా బాధపడేవారు లోడు లేని పరుగులే మొదట మానేయాలి.

కొత్త సెట్లలో అంతా కంప్యూటరే చూసుకుంటుందన్న మాట మాత్రం జాగ్రత్తగా పరిశీలించాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త ఉద్గార నిబంధనలు 2023 జూలై నుంచి మొదలయ్యాక, వాటి పరిధిలోకి వచ్చే జనరేటర్లలో ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, పొగను శుభ్రం చేసే ఏర్పాట్లు, వాటికి తోడు బోలెడన్ని సెన్సార్లు వచ్చాయి. ఇవి మేలైన యంత్రాలు, సందేహం లేదు. ప్యానెల్ మీది డిజిటల్ కంట్రోలర్ ప్రతి ఫాల్టునూ తేదీ, సమయంతో సహా దాచి ఉంచుతుంది, కావాలంటే మొబైల్‌కు మెసేజ్ పంపుతుంది. కానీ కంట్రోలర్‌కు తెలిసేది సెన్సార్ చెప్పిందే. సెన్సార్ అబద్ధం చెబితే అదీ అబద్ధమే చెబుతుంది. సెన్సార్ మూగబోతే ఏమవుతుందో ఫోర్స్‌మార్క్‌లో చూశాం. సెన్సార్లు పెరిగిన కొద్దీ కనెక్టర్లు పెరుగుతాయి, ఇంజిన్ అదురుకు వదులయ్యే చోట్లు పెరుగుతాయి, ఒక పది రూపాయల కనెక్టర్‌లో తేమ చేరి మొత్తం ఇంజిన్‌ను ఆపేసే అవకాశాలూ పెరుగుతాయి. పాత సెట్టును మెకానిక్ ఒక వైరు ముక్కతో ఎలాగో స్టార్ట్ చేసేవాడు. కొత్త సెట్టు కంప్యూటర్ ఒప్పుకుంటేనే తిరుగుతుంది. ఆ ఒప్పుకోలు ఉందో లేదో ముందే తెలుసుకోవాల్సిన అవసరం ఇప్పుడు ఇంకా ఎక్కువైంది.

ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) ఉంది కదా అన్నది అందరికన్నా ఎక్కువగా వినిపించే జవాబు. ఏఎంసీ కాగితం తీసి చదివితే, అందులో ఆయిల్ మార్పు, ఫిల్టర్ల మార్పు, బెల్టు, కూలెంట్ కనిపిస్తాయి. సేఫ్టీ ట్రిప్పుల పరీక్ష, ఛార్జర్ వోల్టేజీ, టెర్మినళ్ల బిగింపు, మెయిన్స్ తీసి లోడు పరీక్ష అన్న పదాలు చాలా ఒప్పందాల్లో ఉండవు. ఉన్నా మెకానిక్ వచ్చిన రోజున మెయిన్స్ తీయడానికి ఆసుపత్రి ఒప్పుకోదు. తప్పు మెకానిక్‌ది కాదు, మనం అడిగిందే అతను చేస్తున్నాడు. టెండర్ పిలిచేటప్పుడే ఈ నాలుగు పనులను రాసి పెట్టడం, బిల్లు చెల్లింపును వాటి రిపోర్టుకు ముడిపెట్టడం చేస్తే ఒక్క ఏడాదిలో పద్ధతి మారుతుంది. ఈ పరీక్ష చేయాల్సిన ఎలక్ట్రీషియన్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలా చోట్ల అతను ఔట్‌సోర్సింగ్ మీద, జీతం నెలల ఆలస్యంతో, పంపు, లిఫ్టు, ట్యూబులైట్లు, జనరేటర్ అన్నీ ఒక్కడే చూసుకుంటున్నాడు. ప్యానెల్ వైరింగ్ డ్రాయింగు తలుపు లోపలి జేబులో ఉండాలి, కానీ చాలా ప్యానెళ్లలో ఆ జేబు ఖాళీ. కంట్రోలర్ మాన్యువల్ ఇంగ్లిష్‌లో ఉంటుంది, అదీ స్టోర్ రూములో. రెండు రోజుల శిక్షణ, డ్రాయింగు నకలు, ఒక మంచి మల్టీమీటర్, తెలుగులో రాసిన ఒక పేజీ చెక్‌లిస్టు ఇవ్వకుండా అతన్ని నిందించడం అన్యాయం.

ప్యానెల్‌ను ఎక్కడ పెడుతున్నామన్నది కూడా పరీక్షలో భాగమే. 2020 అక్టోబర్ వానల్లో హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో విజయవాడలో ఎన్ని సెల్లార్లు మునిగాయో మనం చూశాం. కొత్తగా కట్టే ఏ ఆసుపత్రిలోనూ మార్పిడి ప్యానెల్‌ను గానీ డీజిల్ పంపును గానీ సెల్లార్‌లో పెట్టడానికి అనుమతి ఇవ్వకూడదు. 2012లో న్యూయార్క్‌లో శాండీ తుపాను వచ్చినప్పుడు బెల్‌వ్యూ ఆసుపత్రి జనరేటర్లు పై అంతస్తులో భద్రంగానే ఉన్నాయి. డీజిల్ పంపులు బేస్‌మెంట్‌లో మునిగిపోతే, సిబ్బంది చేతులమీదుగా 13 అంతస్తులు డీజిల్ మోశారు. ఉన్న భవనాల్లో ప్యానెల్‌ను పైకి మార్చలేకపోతే, కనీసం రెండు మూడు అడుగుల దిమ్మె మీదకైనా ఎత్తాలి.

ప్రభుత్వం చేయాల్సింది ఎక్కువేమీ లేదు. ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఫైర్ ఎన్‌ఓసీ అడిగినట్టే, గడిచిన పన్నెండు నెలల లోడు పరీక్షల రికార్డు అడగాలి. జనరేటర్ గది బయట ఒక బోర్డు పెట్టాలి: పరీక్ష తేదీ, మెయిన్స్ తీసిన సమయం, ఎన్ని సెకన్లకు లోడు అందుకుంది, సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎంతకు పడింది, ఎన్ని ఆంపియర్ల లోడు మీద ఎన్ని నిమిషాలు నడిచింది, స్విచ్‌ను తిరిగి ఆటోలో పెట్టింది ఎవరు. కింద ఎలక్ట్రీషియన్ సంతకంతో పాటు ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) సంతకం కూడా ఉండాలి, ఎందుకంటే రోగి ప్రాణం ఎలక్ట్రికల్ విభాగానికి మాత్రమే సంబంధించినది కాదు. మనకు తుపాన్ల నెలలు అక్టోబర్, నవంబర్. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి ఆ నగరం మరిచిపోలేదు. కాబట్టి మొదటి పరీక్ష సెప్టెంబర్‌లో, అన్ని జిల్లా ఆసుపత్రుల్లో పెట్టాలి. ఆ మొదటి నెలలో కొన్నిచోట్ల జనరేటర్ అందుకోదు, అది ఖాయం. అక్కడ ‘అందుకోలేదు’ అని నిజాయతీగా బోర్డు మీద రాసిన ఎలక్ట్రీషియన్‌కు మెమో ఇవ్వకూడదు. ఆ వారంలోనే బ్యాటరీయో రిలేయో మార్చి, మళ్లీ మెయిన్స్ తీసి, రెండో ఫలితాన్ని అతని చేతనే కింది గడిలో రాయించాలి.